కళ్లెలో సూడోమొనాస్ మళ్లీ మళ్లీ వస్తోంది, జీనోమ్ పరీక్ష చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ అమ్మగారికి యాభై నాలుగేళ్లు. ఇరవై ఏళ్ల కిందట టీబీ వచ్చింది, మందుల కోర్సు పూర్తి చేశారు. ఇప్పుడు స్కాన్ తీసి బ్రాంకియెక్టాసిస్ (ఊపిరితిత్తుల గొట్టాలు పాడై వెడల్పవడం) అన్నారు. మూడేళ్లుగా కళ్లె కల్చర్ (ల్యాబులో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేసిన ప్రతిసారీ సూడోమొనాస్ అనే వస్తోంది. ఇంజెక్షన్లు పెట్టించినప్పుడు తగ్గుతుంది, రెండు నెలలు తిరిగేసరికి పచ్చటి కళ్లె, జ్వరం, ఆయాసం మళ్లీ మొదలు. శాస్త్రవేత్తలు ఈ బ్యాక్టీరియా జీనోములు (పూర్తి డీఎన్ఏ పాఠాలు) వెయ్యికి పైగా చదివారని ఎక్కడో చూశారు. దాని వల్ల మందు వస్తుందా, అమ్మ కళ్లెను కూడా జీనోమ్ సీక్వెన్సింగ్‌కి (ఆ పాఠం చదివే పరీక్షకు) పంపాలా అని అడుగుతున్నారు.

ముందే చెప్పేస్తాను. ఇవాళ అమ్మగారి కళ్లెను సీక్వెన్సింగ్‌కి పంపినా ఆమెకు ఏ మందు పని చేస్తుందో దాంతో తేలదు. ఆ ఖర్చు, ఆ టెన్షన్ పెట్టుకోకండి. సరిగ్గా చేసిన కల్చర్, రోజూ కళ్లె బయటికి తీయించే వ్యాయామాలు, డాక్టరుగారు అవసరమంటే నెబ్యులైజర్‌లో యాంటీబయాటిక్. ఆమెకు ఇప్పుడు మేలు చేసేవి ఇవి. అలాగని జీనోమ్ పరిశోధన మనకు పనికిరాదని అనుకోవద్దు. ఈ సూక్ష్మజీవిని ఎప్పుడు పట్టుకోవాలో, ఎందుకు వదలదో మాకు నేర్పింది అదే. కొత్త మందులు కూడా అటువైపు నుంచే వస్తున్నాయి, కానీ నెమ్మదిగా.

నేను పదిహేడేళ్లుగా ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబుల్లో పని చేస్తున్నాను. గత ఏడేళ్లుగా కొన్ని బ్యాక్టీరియాల జీనోములు చదివే పనిలో కూడా ఉన్నాను. మందులు రాసే డాక్టర్ని కాను కాబట్టి మోతాదుల జోలికి వెళ్లను.

అమ్మగారి పరిస్థితి మన దగ్గర అరుదైనది కాదు. 2019లో ప్రచురితమైన భారతదేశ బ్రాంకియెక్టాసిస్ రిజిస్ట్రీలో 2195 మంది వివరాలు ఉన్నాయి. అందులో ఈ జబ్బుకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం పాత టీబీ. కళ్లెలో అన్నిటికంటే ఎక్కువగా పెరిగిన బ్యాక్టీరియా సూడోమొనాస్. టీబీ పోయినా అది పాడు చేసిన గొట్టాలు అలాగే ఉండిపోతాయి. అవి వెడల్పై, గోడలు దెబ్బతిని, కళ్లెను పైకి నెట్టలేవు. కళ్లె అడుగున నిలవ ఉంటుంది. నిలవ నీళ్లలో, సింకుల్లో, తడి ఉన్న ప్రతిచోటా బతికే సూడోమొనాస్‌కు అంతకంటే మంచి చోటు దొరకదు.

దాని జీనోమ్‌ను మొదటిసారి పూర్తిగా చదివింది 2000లో. 1950లలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒకరి పుండు నుంచి తీసిన రకం అది. దాదాపు 63 లక్షల డీఎన్ఏ అక్షరాలు, 5570 జన్యువులు. అప్పటివరకు చదివిన బ్యాక్టీరియా జీనోముల్లో అదే పెద్దది. టీబీ బ్యాక్టీరియాకు ఉన్నది 44 లక్షల అక్షరాలే. సూడోమొనాస్ జన్యువుల్లో దాదాపు పదోవంతు మిగతా జన్యువులను ఎప్పుడు నడపాలి, ఎప్పుడు ఆపాలి అని చూసుకునేవి. లోపలికి వచ్చిన మందును బయటికి తోడేసే పంపులు కూడా ఎన్నో ఉన్నాయి. ఇది ఇంత మొండిది ఎందుకో అప్పుడు కొంత అర్థమైంది.

కానీ అసలు విషయం ఆ ఒక్క జీనోమ్‌తో తెలియలేదు. ఒకే మనిషి ఊపిరితిత్తుల నుంచి ఏళ్ల తేడాతో తీసిన బ్యాక్టీరియాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు తెలిసింది. నా అనుభవమే చెబుతాను.

రిటైరైన ఒక టీచరమ్మ కళ్లె మా దగ్గరికి ఏళ్ల తరబడి వచ్చేది. మొదటిసారి కల్చర్ ప్లేటు మీద పెరిగినది పుస్తకంలో రాసినట్టే ఉంది: ఆకుపచ్చ రంగు, మూత తీస్తే ద్రాక్షపళ్ల లాంటి తియ్యటి వాసన, దాదాపు అన్ని మందులకూ లొంగేది. ఐదేళ్ల తర్వాత వచ్చిన కళ్లెలో పెరిగినదానికి రంగు లేదు. లూప్‌తో ముట్టుకుంటే బెండకాయ జిగురులా తీగలు సాగింది. నాలుగు మందులకు లొంగలేదు. కొత్త సూక్ష్మజీవి ఏదో అంటుకుందని అందరం అనుకున్నాం. ఫ్రీజర్‌లో దాచిన పాతదాన్ని తీసి రెండింటి జీనోములూ చదివాం. రెండూ ఒకటే. అరవై మూడు లక్షల అక్షరాల్లో తేడా కొన్ని పదులు మాత్రమే. అందులో ఒక మార్పు జిగురును అదుపులో ఉంచే మ్యూక్‌ఏ జన్యువులో, ఇంకొకటి మందు తోడేసే పంపుకు తాళం లాంటి మెక్స్‌జెడ్ జన్యువులో. ఆవిడకు కొత్తగా ఏదీ అంటుకోలేదు. మొదట వచ్చిందే ఏనాడూ పోలేదు. మందు వాడినప్పుడల్లా తగ్గి, లోపలే ఉండి, అక్కడి జీవితానికి తగ్గట్టు మారుతూ వచ్చింది.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్న ఒక చిన్నారి నుంచి ఆరు నెలల వయసులో ఒకసారి, ఎనిమిదేళ్ల వయసులో ఒకసారి తీసిన సూడోమొనాస్‌ను అమెరికా పరిశోధకులు 2006లో పోల్చి చూపించారు. 68 మ్యుటేషన్లు (జన్యువుల్లో మార్పులు) దొరికాయి. అందులో చాలా వరకు, ఒంటి మీద దాడి చేయడానికి వాడే ఆయుధాలను తానే వదిలేసుకున్న మార్పులు. కొత్తగా చొరబడేటప్పుడు కావాల్సినవి, స్థిరపడ్డాక దానికి అక్కర్లేదు. 2015లో డెన్మార్క్ పరిశోధకులు 34 మంది పిల్లలు, యువకుల నుంచి తీసిన 474 నమూనాల జీనోములు చదివారు. ఒకరితో ఒకరికి సంబంధం లేని రోగుల్లో కూడా అవే 52 జన్యువులు మళ్లీ మళ్లీ మారుతున్నాయని తేలింది. దారి వేరైనా మజిలీలు ఒకటే. అంతకు ముందే, 2000లో, స్పెయిన్ వాళ్లు ఇంకొకటి చూశారు. వాళ్లు పరీక్షించిన సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో మూడోవంతుకు పైగా, అక్షరదోషాలు దిద్దుకునే యంత్రాంగమే పాడైన సూడోమొనాస్‌ను మోస్తున్నారు. దిద్దుకునే పని ఆగితే మార్పులు వేగంగా పోగుపడతాయి, మందుకు లొంగని మార్పు కూడా త్వరగా వస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల మీద జరిగినవి. టీబీ తర్వాత వచ్చే బ్రాంకియెక్టాసిస్‌కు వాటిని యథాతథంగా అన్వయించకూడదు. నెబ్యులైజర్ మందుల్లో కొన్ని అక్కడ బాగా పని చేసి, ఇక్కడ అంతగా చేయకపోవడం కూడా చూశారు. కానీ బ్యాక్టీరియా మారే తీరు మాత్రం చాలావరకు ఒకేలా ఉంటుంది. నేను ప్లేట్ల మీద చూసేది అదే.

దీని వల్ల చికిత్సలో ఏం మారిందో చెబుతాను, ఎందుకంటే మీకు అక్కరకొచ్చేది ఇదే.

మొదటిసారి కనిపించినప్పుడే గట్టిగా పట్టుకోవాలి. ఆకుపచ్చగా, ద్రాక్ష వాసనతో, అన్ని మందులకూ లొంగే దశలో దాన్ని పూర్తిగా తీసేయగలిగే అవకాశం ఉంది. జిగురు కట్టుకున్నాక ఆ అవకాశం చాలా తగ్గుతుంది. అందుకే 2017 నాటి యూరప్ మార్గదర్శకాలు బ్రాంకియెక్టాసిస్‌లో సూడోమొనాస్ కొత్తగా కనిపిస్తే నిర్మూలన చికిత్స ఇవ్వమని సూచించాయి. మీ అమ్మగారి విషయంలో ఆ దశ దాటిపోయి ఉండవచ్చు. మీ తప్పు కాదు ఇది. మొదటి రిపోర్టు వచ్చినప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు చాలాచోట్ల ఉండరు. ఇప్పుడు లక్ష్యం వేరు: బ్యాక్టీరియా లెక్కను తక్కువలో ఉంచడం, ఏడాదికి ఎన్నిసార్లు జబ్బు తిరగబెడుతుందో ఆ సంఖ్య తగ్గించడం.

ఒక్క కాలనీ (ప్లేటు మీద ఒకచోట గుంపుగా పెరిగిన బ్యాక్టీరియా) మీద ఇచ్చిన రిపోర్టు మొత్తం కథ చెప్పదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పేషెంటు కళ్లెలో బాగా కనిపిస్తున్న ఒక రకం కాలనీని మాత్రమే తీసి సెన్సిటివిటీ (ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) పెట్టాను. రిపోర్టు బాగుంది, మందు మొదలుపెట్టారు, పది రోజులైనా జ్వరం దిగలేదు. వార్డు నుంచి ఫోన్ వచ్చాక పాత ప్లేటు తీసి వెలుతురులో పెట్టి చూశాను. మూడు రకాలు ఉన్నాయి. అన్నిటికంటే చిన్నగా, నెమ్మదిగా పెరిగేది ఆ మందుకు అస్సలు లొంగడం లేదు. ఆ రోజు నుంచి నేను ప్రతి దీర్ఘకాలిక పేషెంటు ప్లేటునూ ఇంకో రోజు అదనంగా ఉంచుతాను, వేర్వేరుగా కనిపించే ప్రతి కాలనీకీ విడిగా సెన్సిటివిటీ పెడతాను. తర్వాత జీనోములు చదివినప్పుడు అర్థమైంది, ఒకే ఊపిరితిత్తిలో ఒకే మూలం నుంచి వచ్చిన బ్యాక్టీరియాలు దాయాదుల్లా విడిపోయి, ఒక్కో మూల ఒక్కో రకంగా స్థిరపడతాయని. మీరు ల్యాబువాళ్లను అడగాల్సిన ప్రశ్న ఇది: “ఎన్ని రకాల కాలనీలు వచ్చాయి? జిగురు రకం ఉందా?” అడగడంలో తప్పేమీ లేదు. మంచి ల్యాబువాళ్లు సంతోషిస్తారు.

ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకునే వీలుంది. 1996లో లివర్‌పూల్‌లోని పిల్లల ఆసుపత్రిలో ఒకే రకం సూడోమొనాస్ చాలామంది సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలకు పాకిందని బయటపడింది. అంతకు ముందు ఎవరి బ్యాక్టీరియా వాళ్లు వాతావరణం నుంచి తెచ్చుకుంటారని నమ్మేవారు. డీఎన్ఏ పోలికతో ఆ నమ్మకం పోయింది, అక్కడి క్లినిక్కుల్లో పేషెంట్లను వేరువేరుగా కూర్చోబెట్టడం మొదలైంది. మీ ఇంట్లో దీని అర్థం చిన్నదే: అమ్మగారి నెబ్యులైజర్ మాస్క్, కప్పు ఇంకెవరికీ ఇవ్వకండి. వాడిన ప్రతిసారీ కడిగి పూర్తిగా ఆరబెట్టండి. తడి ఉంటే చాలు, అది పెరుగుతుంది.

ఇప్పుడు సీక్వెన్సింగ్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. టీబీ బ్యాక్టీరియా విషయంలో జీనోమ్ చదివితే ఏ మందు పని చేయదో బాగా తెలుస్తుంది, ఆ ఫలితాన్ని బట్టి మందులు మారుస్తారు కూడా. రిఫాంపిసిన్ అనే టీబీ మందుకు లొంగకపోవడం దాదాపు ఎప్పుడూ ఆర్‌పీఓబీ అనే ఒక్క జన్యువులోని చిన్న ముక్కలో మార్పు వల్లే వస్తుంది. టీబీ పరీక్షకు వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ మిషన్ వెతికేది ఆ ముక్కనే. ఏ మ్యుటేషన్‌కు ఏ మందు పోతుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక జాబితాగానే ఇచ్చింది. సూడోమొనాస్ అలా కాదు. ఒక మందుకు లొంగకపోవడానికి పంపు ఎక్కువ పని చేయడం, మందు లోపలికి వచ్చే రంధ్రం మూసుకోవడం, మందును ముక్కలు చేసే ఎంజైమ్ పెరగడం, ఇవన్నీ తలా కొంచెం కలుస్తాయి. జన్యువు ఉండటం వేరు, అది ఎంత గట్టిగా పని చేస్తోందన్నది వేరు. జీనోమ్ మొదటిదే చెబుతుంది. అందుకే ఇక్కడ ఇంకా కల్చర్ మాటే చెల్లుతుంది.

కల్చర్ మాటకూ హద్దు ఉంది. సెన్సిటివిటీ రిపోర్టులోని ‘రెసిస్టెంట్’ అన్న మాట, మందు రక్తంలో చేరే మోతాదును లెక్కలో పెట్టుకుని రాసేది. నెబ్యులైజర్‌తో పీల్చినప్పుడు గొట్టాల్లో మందు దానికి ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. రిపోర్టులో టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్‌కు రెసిస్టెంట్ అని ఉన్నా, అదే మందు పీల్చి తేలికపడినవాళ్లను చూశాను. రిపోర్టు చూసి మీరే భయపడి మందు ఆపేయకండి.

ఇక కొత్త మందుల సంగతి. ఇక్కడ నేను ఆశపడేవాణ్ణే, కానీ గతం కూడా తెలుసుకోవాలి. 1995లో మొట్టమొదటి బ్యాక్టీరియా జీనోమ్ చదివారు. అది హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, అదీ ఊపిరితిత్తులకు చేటు చేసేదే. జన్యువుల జాబితా చేతికొచ్చింది, ఇక మందులు వరుసగా వస్తాయని అందరూ అనుకున్నారు. గ్లాక్సోస్మిత్‌క్లైన్ అనే మందుల కంపెనీ 1995 నుంచి 2001 వరకు 300కు పైగా జన్యువులను పరిశీలించి, 70 సార్లు పెద్ద ఎత్తున రసాయనాలను జల్లెడ పట్టింది. ముందుకు తీసుకెళ్లదగ్గవి ఐదే మిగిలాయి. ఆ జన్యువు తయారు చేయించే ప్రోటీన్‌ను పరీక్షనాళికలో ఆపగల రసాయనం దొరికినా, అది బ్యాక్టీరియా గోడ దాటి లోపలికి వెళ్లలేకపోవడం పెద్ద చిక్కు. సూడోమొనాస్ గోడ ఇంకా కఠినం.

జీనోమ్ నిజంగా పని చేసింది ఇంకో దారిలో, దానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ బెడాక్విలిన్ అనే టీబీ మందు. ముందు బతికున్న మైకోబ్యాక్టీరియా (టీబీ కుటుంబపు బ్యాక్టీరియా) మీదే రసాయనాలు వేసి, దాన్ని చంపేదాన్ని పట్టుకున్నారు. అది ఎలా చంపుతోందో తెలియదు. అప్పుడు ఆ మందుకు లొంగని బ్యాక్టీరియాలను కావాలని పెంచి, వాటి జీనోములను మామూలువాటితో పోల్చారు. వాటన్నిటిలో ఉమ్మడిగా మారింది ఒక్కచోటే: బ్యాక్టీరియాకు శక్తి తయారు చేసే ఏటీపీ సింథేజ్‌లో. 2005లో ఆ ఫలితం వచ్చింది, 2012 డిసెంబరులో అమెరికాలో మందుకు అనుమతి వచ్చింది. మొండి టీబీకి ఇవాళ మన దేశంలో కూడా వాడుతున్నది అదే. ఇలాంటి దారిలోనే సూడోమొనాస్‌కు మురెపావాడిన్ అనే మందు వచ్చింది. లొంగని రకాల్లో మారిన జన్యువును చూసి, అది బ్యాక్టీరియా బయటి పొరను కట్టే ఒక ప్రోటీన్‌ను ఆపుతోందని తేల్చారు. కానీ రక్తంలోకి ఎక్కించి చేసిన చివరి దశ పరీక్షలు 2019లో ఆగిపోయాయి, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని. పీల్చే రూపంలో దాని మీద పని సాగింది.

మీరు చూసిన వెయ్యి జీనోముల వార్త బహుశా కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన అంతర్జాతీయ సేకరణ గురించి. 2019లో 1311 జీనోములను పోల్చితే, అన్నిట్లోనూ ఉమ్మడిగా ఉన్న జన్యువులు 665 మాత్రమే అని తేలింది. అదే ఏడాది అమెరికా పరిశోధకులు తొమ్మిది రకాల సూడోమొనాస్‌లో ఒక్కో జన్యువునూ చెడగొట్టి చూసి, ఏ పరిస్థితిలోనైనా లేకపోతే చచ్చిపోయేవి 321 అన్నారు. వెయ్యి జీనోములు చదవడం ఎందుకంటే ఇందుకు: మెల్‌బోర్న్ పుండులోని రకానికి పని చేసే మందు మీ అమ్మగారి ఊపిరితిత్తిలోని రకానికి కూడా పని చేయాలి కదా. ఎక్కడ గురిపెట్టాలో ఆ జాబితా చెబుతుంది. అక్కడి నుంచి మందు చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో బెడాక్విలిన్ లెక్క చూస్తే మీకే అర్థమవుతుంది.

ఫేజ్‌ల గురించి కూడా చాలామంది అడుగుతారు. బ్యాక్టీరియాను తినే వైరస్‌లు అవి. లండన్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పదిహేనేళ్ల అమ్మాయికి ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ ఒళ్లంతా పాకింది. 2018లో మూడు ఫేజ్‌లు కలిపి ఇచ్చారు. అందులో ఒకటి దక్షిణాఫ్రికాలో కుళ్లిన వంకాయ మీద దొరికింది. మిగతా రెండూ బ్యాక్టీరియాలోకి వెళ్లి చంపకుండా నిద్రపోయే రకాలు. వాటి జీనోమ్ తెలుసు కాబట్టి ఆ నిద్ర జన్యువును తీసేసి చంపేవిగా మార్చారు. అమ్మాయి బాగా కోలుకుంది, ఇన్‌ఫెక్షన్ పూర్తిగా పోయిందని మాత్రం కాదు. తర్వాత ఇలాగే ఇరవై మందికి ఇస్తే పదకొండు మందిలో మేలు కనిపించింది. సూడోమొనాస్ మీద అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసినది ఇంకా తెలివైన పని. మందును తోడేసే పంపునే పట్టుకుని లోపలికి దిగే ఫేజ్‌ను ఎంచుకున్నారు. ఫేజ్ నుంచి తప్పించుకోవాలంటే బ్యాక్టీరియా ఆ పంపును మార్చుకోవాలి, అప్పుడు పాత యాంటీబయాటిక్‌కు లొంగుతుంది. ఇలా బ్యాక్టీరియాను ఇరుకున పెట్టేలా ఎంచిన ఫేజ్‌లను తొమ్మిది మంది సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకు పీల్చే మందుగా ఇచ్చిన ఫలితాలు 2025లో వచ్చాయి, ఆశాజనకంగా ఉన్నాయి. కానీ ఒక్కొక్కరి బ్యాక్టీరియాకు సరిపడే ఫేజ్‌ను వెతికి పట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఫేజ్ సీసా అమ్ముతామంటే కొనకండి, దయచేసి.

ఇంతకీ ఇప్పుడు మీరు చేయగలిగింది. కళ్లె నమూనా పొద్దున్నే, నోరు నీళ్లతో పుక్కిలించాక, లోపలి నుంచి దగ్గి తీసింది ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే కల్చర్ తప్పుదారి పట్టిస్తుంది. కుదిరితే కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వండి, రెండు గంటల్లోపు ల్యాబుకు చేరేలా చూడండి. ఒక్కసారైనా టీబీకీ, టీబీ కాని మైకోబ్యాక్టీరియాకూ కూడా పరీక్ష చేయమని అడగండి. డాక్టర్లు ఈ జబ్బులో నెలల తరబడి అజిత్రోమైసిన్ ఇస్తుంటారు, దాని ముందు ఈ పరీక్ష తప్పనిసరి. సిప్రోఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్ మెడికల్ షాపులో సొంతంగా కొని వాడకండి. సూడోమొనాస్‌కు నోటితో వేసుకునే మందుల్లో మనకున్నది ఆ కుటుంబం ఒక్కటే, మూడు రోజులు వేసి ఆపేస్తే లొంగని మ్యుటేషన్లను మనమే ఏరి పెంచినట్టు అవుతుంది. పైగా లోపల టీబీ తిరగబెట్టి ఉంటే దాన్ని కప్పేస్తుంది.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్లి కళ్లె తీసే పద్ధతి నేర్పించండి. దీన్ని చాలామంది చిన్న విషయంగా తీసుకుంటారు. నిలవ కళ్లె తగ్గితేనే ఏ మందైనా బ్యాక్టీరియా దాకా చేరుతుంది.

మూడేళ్ల కల్చర్ రిపోర్టులన్నీ తారీఖుల వరుసలో పెట్టుకుని ఫైలు చేయండి, ప్రతి ఓపీకీ అదే తీసుకెళ్లండి. వాటిలో మొదటిదాన్నీ చివరిదాన్నీ పేరు, ఆసుపత్రి వివరాలు కొట్టేసి ఇక్కడ పెడితే, ఏ మందులకు లొంగడం ఎప్పుడు ఆగిందో, జిగురు రకం ఎప్పటి నుంచి రాశారో చూసి, డాక్టరుగారిని ఏం అడగాలో చెబుతాను.